బోర్లించిన బుట్ట

మా నడిమికుప్పంలో మొగుడూపెళ్ళాల పొద్దు మధ్యాహ్నం. రాత్రంతా మగవాళ్ళు పులికాట్ నీళ్ళ మీద ఉంటారు. తెల్లవారి ఒడ్డుకొచ్చి, వల దులిపి, చద్దన్నం తిని పడుకుంటారు. ఆడవాళ్ళు సూళ్ళూరుపేటలో చేపలమ్ముకుని ఎండ నడినెత్తికి వచ్చేసరికి ఇల్లు చేరతారు. ఆ వేళ ఏ ఇంటి గడప ముందైనా చేపల బుట్ట బోర్లించి ఉంటే ఆ ఇంటివాళ్ళను ఎవరూ పిలవరు. నిప్పు కావాలన్నా ఉప్పు కావాలన్నా పక్కింటికి పోతారు. ఈ సంగతి ఎవరూ ఎవరికీ చెప్పరు. పెళ్ళయిన నాలుగు రోజులకు అదే తెలుస్తుంది.

మా ఇంటి బుట్ట పంతొమ్మిదేళ్ళుగా వెల్లకిలానే ఉంది.

నేను వాకిట్లో అరుగు మీద పడుకుంటాను. నా భార్య కామాక్షమ్మ లోపల పడుకుంటుంది. మధ్యలో తలుపు. ఆ తలుపుకు ఆమె ఏనాడూ గడియ వేయలేదు. నేను తొయ్యలేదు. అన్నం పెడుతుంది, తింటాను. వల చినిగితే చెరో కొసన కూర్చుని అల్లుకుంటాం. మేం పోట్లాడుకోవడం ఊళ్ళో ఎవరూ చూడలేదు. పోట్లాటకైనా మాటలు కావాలి. నాకు మాటలు తక్కువ.

పోయిన కార్తీకం మొదట్లో ఆమె రొయ్యలు ఒలుస్తూ తలెత్తకుండా అంది.

“వాకాడులో అక్క రమ్మంటా ఉండాది. కొడుకు రొయ్యల గుంటలు పెట్టినాడంట. పనోళ్ళకు వంట చేసే మనిషి కావాలంట.”

“ఎన్ని రోజులు?”

“రోజులేంది? పోతే పోయినట్టే. ఈ కార్తీకం దాటినాక పోతా.”

నేను వలలో ముడి బిగించాను.

“ఏం మావా, వద్దనవా?”

ఇంకో ముడి బిగించాను. ఆమె రొయ్య పొట్టు పక్కన పడేసింది.

“నువ్వు అరుగు మీద, నేను వాకాట్లో. ఏం తేడా పడుద్ది? మన గోడ మీది బల్లి గూడా నీకంటే ఎక్కువ పలుకుతాది.”

వద్దు అనే మాట గొంతు దాకా వచ్చింది. వద్దంటే ఎందుకంటుంది. ఎందుకో చెప్పాలంటే పంతొమ్మిదేళ్ళ కిందటి సంగతి చెప్పాలి.

పులికాట్‌లో రొయ్యలు బాగా పడే చోట్లు కొన్నే. అందరూ ఒక్కసారే వల వేస్తే తలలు పగులుతాయని మా పెద్దల కాలం నుంచి చీట్లు వేసి వంతులు పంచుకుంటాం. వంతు వచ్చినవాడు ముందురోజు పెళ్ళాన్ని తాకకూడదు. తాకి నీళ్ళ మీదికి పోతే గంగమ్మ ఊరుకోదంటారు. ఆ ఏడు కార్తీకంలో మా వంతు ముందురోజు ముసురు పట్టింది. మధ్యాహ్నం పూట నేనూ కామాక్షమ్మా ఆ కట్టుబాటు తప్పాం. నవ్వుకుంటూ తప్పాం. వాకిట్లో బుట్ట బోర్లిస్తే ఊరు తిడుతుందని ఆమె దాన్ని తీసుకెళ్ళి దొడ్డి గడప ముందు బోర్లించింది. ఆమె తెలివికి అప్పుడు నేను మురిసిపోయాను.

మర్నాడు పదకొండు పడవలు పోయాయి. నా పడవలో నేను, కామాక్షమ్మ తమ్ముడు శివశంకర్. వాడికి ఇరవై నాలుగేళ్ళు. సముద్రం దిక్కు నుంచి గాలి లేచింది. పడవ తిరగబడింది. నేను పడవ తోసే గెడ పట్టుకుని తేలాను. వాడు వల కింద పడ్డాడు. పది పడవలు ఇంటికి వచ్చాయి. మాదే రాలేదు.

ఆ రోజు నుంచి లోపల పడుకోలేదు నేను. ఎందుకో ఆమెకు చెప్పలేదు. చెబితే నీ తమ్ముణ్ణి మనిద్దరమే చంపుకున్నాం అని చెప్పినట్టు. ఆ బరువు నా ఒక్కడి నెత్తిన ఉంటే చాలనుకున్నాను.

ఒక సంగతి మాత్రం నా చేతిలో లేదు. కోరిక చావలేదు. అరవై ఏడు వచ్చాయి నాకు. ఆమెకు అరవై ఒకటి. గాజులు మోచేతి దాకా తోసుకుని రొయ్యలు ఒలుస్తుంటే, తలంటి పోసుకుని తడి జుట్టు వల దారంతో ముడేస్తుంటే, నా చూపు అక్కడే ఉంటుంది. నడుము మీద చెమట పట్టి ఉంటుంది. లేచి చెరువు కట్ట దాకా నడిచి వస్తాను. గంగమ్మా, ఒకణ్ణి తీసుకుపోయినా బుద్ధి రాలేదా నాకు అనుకుంటాను. తలుపు తోసి లోపలికి పోతే నా చెయ్యి ఊరుకోదని నాకు తెలుసు. అందుకే అరుగు. ఆ కోరిక ఒక్కటి తెగిపోతే లోపలికి పోయి తోడబుట్టినవాడి మాదిరి ఆమె పక్కన పడుకుంటాను. ఆమె వాకాడు పోదు.

ఇట్లా ఆలోచిస్తున్న రోజుల్లో హజరత్తయ్య ఒక మాట అన్నాడు. హజరత్తయ్య మా పక్కింటివాడు, ఇప్పుడు నా పడవలో జోడీ. నేను మాట్లాడని మాటలన్నీ కలిపి వాడే మాట్లాడతాడు.

“అబ్బయా, కాంపౌండరు పద్మనాభయ్య గారింటికి బతికున్న చేప ఇచ్చొస్తుంటావు గదా. అది దేనికో తెలుసునా?”

“పూజకు.”

“చేపతో పూజేందబ్బా! ఆ ఇంట్లో ఉల్లిపాయ గూడా తరగరంట. తంత్రం అది! చేతబడి! మా చిన్నాయన అల్లుడికి కాలు ఎందుకు పోయిందనుకుంటుండావు?”

“తాగి గోడ మీంచి పడినాడు.”

“గోడెక్కించిందెవురు? అదే తంత్రం.” వాడు గొంతు తగ్గించాడు, నీళ్ళ మీద మా మాటలు వినడానికి కొంగలు తప్ప ఎవరూ లేకపోయినా. “మొగోడికి ఆడదాని మీదికి మనసు పోకుండా కట్టు గూడా కడతారంట. ఎవురు కట్టిచ్చుకుంటారబ్బా అట్టాంటిది!”

నేను గెడ వేశాను.

తర్వాతి అష్టమికి అరచెయ్యంత పండుగప్పను నీళ్ళ డబ్బాలో వేసుకుని, పొద్దున్నే మొదటి బస్సుకు సూళ్ళూరుపేట పోయాను. ఎప్పుడూ దొడ్డిదారిన పోయి డబ్బా ఇచ్చి వచ్చేస్తాను. ఆ రోజు అడగాల్సింది ఉంది కాబట్టి వీధి తలుపు దగ్గరికి పోయాను. తలుపు తీసే ఉంది.

లోపల పద్మనాభయ్య గారి భార్య త్రిపురమ్మ గారు పీట మీద కూర్చుని ఉన్నారు. భారీ మనిషి. ఎర్ర చీర, కళ్ళద్దాలు. ఆయన బక్కపలచటివాడు, డెబ్బై దాటినవాడు. ఇత్తడి పళ్ళెంలో ఆమె పాదాలు పెట్టుకుని కడుగుతున్నాడు. తువ్వాలుతో ఒక్కో వేలూ తుడిచాడు. కుంకుమ పెట్టాడు. మందార పువ్వు పెట్టాడు. తర్వాత ఆ పాదాల మీద తల ఆనించాడు. మొగవాడు పెళ్ళాం కాళ్ళకు మొక్కడం నేను పుట్టి బుద్ధెరిగాక చూడలేదు. ఆయన లేచి ఎదురుగా కూర్చున్నాడు. ఇద్దరూ ఒకరినొకరు చూసుకుంటూ ఊరికే కూర్చున్నారు. చాలాసేపు. ఆమె నవ్వింది. పటంలో అమ్మవారి నవ్వు కాదది. కొత్తగా కాపురానికి వచ్చిన పిల్ల నవ్వు.

డబ్బాలో చేప తోక కొట్టింది.

“ఎవరదీ? ముత్యాలయ్యా!” అంది త్రిపురమ్మ గారు. “లోపలికి రా. అట్టా తొంగి చూస్తే దొంగ అనుకుంటారు.”

లోపలికి పోయాను. అడగాల్సింది ఒక్క ఊపిరిలో అడిగేశాను. “అయ్యా, కోరిక చచ్చిపోయేదానికి కట్టు కావాల.”

పద్మనాభయ్య గారు నన్ను కింద నుంచి పైదాకా చూశారు. “ఎవరి మీద కోరిక?”

“నా పెళ్ళాం మీద.”

త్రిపురమ్మ గారు కళ్ళద్దాలు తీసి నవ్వడం మొదలుపెట్టింది. ఆయాసం వచ్చి దగ్గిందాకా నవ్వింది. “అమ్మా తల్లీ! సొంత పెళ్ళాం మీద మనసు పోతోందని బస్సెక్కి వచ్చిన మొగాణ్ణి ఇప్పుడు చూస్తుండా!”

“నవ్వకు, పాపం,” అన్నారు ఆయన. ఆయన మూతి కూడా వంకర పోతోంది. “కూర్చో ముత్యాలయ్యా. కాఫీ తాగుతావా?”

“కాఫీ వద్దు. చేతబడి గదా మీది. కట్టు కడతారని చెప్పినారు.”

“చేతబడే వస్తే ముందు ఈయన గురకకు కట్టు కట్టి ఉండనా?” అంది ఆమె.

పద్మనాభయ్య గారు నా ఎదురుగా చాప మీద కూర్చున్నారు. మందులిచ్చేటప్పుడు ఎట్లా నిదానంగా చెప్పేవారో అట్లాగే చెప్పారు. “కోరికను వదిలి పోయే దారి ఒకటుంది. అది గొప్పదే. దానికి మనుషులు వేరే. మా దారిలో కోరిక గూడా అమ్మవారే. ఆమెను వాకిట్లో నిలబెట్టి తలుపేసుకుంటే లోపల ఇంక ఎవరికి పూజ చేస్తావు? నువ్వు తెచ్చే చేప ఉంది గదా. మా ఇంట్లో అది కూడని వస్తువు. కూడనిదాన్నే అమ్మ ముందు పెట్టి, ఇదీ నీదే తల్లీ అని ఒక ముక్క నోట్లో వేసుకుంటాం. మొగుడూపెళ్ళాల కలయికా అంతే. దొంగతనంగా తింటే తిండి. ముందు పెట్టి దండం పెట్టుకుని తింటే ప్రసాదం. అన్నం అదే.”

“ఇరవై తొమ్మిదేళ్ళప్పుడు ఈయన సన్యాసం పుచ్చుకుంటానని మూట కట్టినాడు,” అంది త్రిపురమ్మ గారు.

“కట్టాను. ఈమె అప్పటికే సంగంలో పెన్న ఒడ్డున ఒక ముసలమ్మ దగ్గర మంత్రం తీసుకుని ఉంది. నాకు తెలియదు. ఆ ముసలమ్మ నన్ను దారిలో పట్టుకుని అడిగింది. ఇంట్లో అమ్మవారిని పస్తు పెట్టి ఏ కొండ మీద దీపం పెడతావురా అని. తిరిగొచ్చాను. నాకు మంత్రం ఇచ్చింది ఈమే. నా గురువు ఈమె.”

“దక్షిణ ఇంకా బాకీ ఉండాడు.”

ఆయన నవ్వి, నా వైపు తిరిగారు. “ఇప్పుడు చెప్పు. పెళ్ళాం మీద కోరికైతే భయమెందుకు?”

చెప్పాను. పంతొమ్మిదేళ్ళుగా ఎవరికీ చెప్పనిది, ముసురు దగ్గర నుంచి వల దాకా చెప్పాను. ఎంతసేపు చెప్పానో తెలియదు. అప్పుడు త్రిపురమ్మ గారు నవ్వలేదు.

“ఆ రోజు గాలి ఎందుకు లేచిందో నాకు తెలియదు,” అన్నారు పద్మనాభయ్య గారు. “తెలుసునని ఎవరైనా చెబితే నమ్మొద్దు. అయితే ఈ మాట వినాల్సిన మనిషిని నేను కాదు. కట్టు ఇవ్వను. పని ఇస్తా. ఏడు రోజులు చెయ్యి. ఆమెను పీట మీద కూర్చోబెట్టి పాదాలు కడుగు. ఎదురుగా కూర్చుని కళ్ళలోకి చూడు. ఆమె ఊపిరి తీసుకున్నప్పుడు నువ్వూ తీసుకో, ఆమె వదిలినప్పుడు నువ్వూ వదులు. ఏడు రోజులూ అంతకు మించి తాకొద్దు. ఆ తర్వాత ఆమె సరే అంటేనే ఏదైనా. పూజారి గుళ్ళోకి బలవంతంగా పోడు.”

“పూజారి అమ్మవారి దగ్గర మాట దాచుకోడు గూడా,” అంది త్రిపురమ్మ గారు. “ఏడు రోజుల్లో ఏదో ఒకరోజు చెప్పాల. ఆ చేప ఇటివ్వు, ఊపిరాడక చస్తా ఉంది.”

ఆ మధ్యాహ్నం కామాక్షమ్మ చేపలమ్ముకుని వచ్చి బుట్ట దింపేసరికి నేను పీట వాల్చి, చెంబుతో నీళ్ళు పెట్టుకుని ఉన్నాను. లోపల. అరుగు మీద కాదు.

“ఏంది మావా, ఎవురన్నా చచ్చినారా?”

“కూర్చో. కాళ్ళు కడగాల.”

“నా కాళ్ళా? నువ్వా?” ఆమె గోడకు ఆనుకుంది. “నీకు ఆస్పత్రోళ్ళు ఏమన్నా చెప్పినారా? నిజం చెప్పు.”

“లేదు.”

“తాగినావా?”

“లేదు.”

“మరేంది?”

“పద్మనాభయ్య గారు చెప్పినారు.”

“ఆ చేతబడి కాంపౌండరా! నా కాళ్ళకు ఏమన్నా పూసి చంపమన్నాడా?”

“అమ్మవారి పూజంట.”

“ఏ అమ్మవారికి?”

“నీకే.”

ఆమె నన్నే చూస్తూ నిలబడింది. కొంగుతో ముఖం తుడుచుకుంది. తర్వాత పీట మీద కూర్చుని కాళ్ళు చాపింది. “ఈ అమ్మవారి కాళ్ళకు చేప పొలుసులు అంటుకోని ఉండాయి. చన్నీళ్ళకు పోవు. పోయి కాగబెట్టుకుని రా.”

కాగబెట్టుకుని వచ్చాను. పొలుసులు ఒక్కొక్కటే గోటితో తీశాను. ఎడమ మడమ దగ్గర తెల్లగా ఒక మచ్చ ఉంది. “ఇదెప్పుడు?” అన్నాను.

“ఎనిమిదేళ్ళయింది. పీత కొరికింది. నువ్వు అరుగు మీదే ఉండావు.”

తుడిచి, కుంకుమ పెట్టి, ఎదురుగా కూర్చున్నాను. చూడమన్నారు కాబట్టి చూశాను. పెళ్ళానికేసి అంతసేపు చూడ్డం అంత కష్టమని నాకు తెలియదు. మొదటి రోజు ఆమె చూపు తిప్పుకుంది. రెండో రోజు నేను తిప్పుకున్నాను. మూడో రోజు ఊపిరి కలపబోతే ఆమెకు నవ్వొచ్చింది.

“నోరు మూసుకోని పీల్చు మావా. ఒడ్డున పడిన చేప మాదిరి ఉండావు.”

నాకూ నవ్వొచ్చింది. ఆ రోజు పూజ కుదరలేదు. పద్మనాభయ్య గారికి ఫోను చేసి అడిగితే, “నవ్వితే కుదిరినట్టే,” అన్నారు.

నాలుగో రోజు నేను నీళ్ళు తెచ్చేసరికి ఆమె తలంటి పోసుకుని, పెట్టె అడుగున ఉండే పచ్చ చీర కట్టుకుని కూర్చుని ఉంది. నేను ఆమెకు కుంకుమ పెట్టాక ఆమె వేలితో నాకూ పెట్టింది. “పూజారికి బొట్టు లేకపోతే ఎట్టా,” అంది. ఆ రోజు ఊపిరి కలిసింది. ఆమె ఛాతీ పైకి లేచినప్పుడు నాదీ లేచింది. బయట కాకి అరుస్తోంది, పొయ్యి మీద ఏదో మాడుతోంది, లేవలేదు మేము. కోరిక ఉంది. ఎప్పటికంటే ఎక్కువ ఉంది. కాకపోతే అది నన్ను తరమడం లేదు. మా ఇద్దరి మధ్య దీపం మాదిరి ఊరికే నిలబడి ఉంది. దాన్ని చూసి భయపడకుండా కూర్చోవడం నాకు అదే మొదలు.

ఐదో రోజు ఆమె కళ్ళ వెంట నీళ్ళు వచ్చాయి. ఎందుకని అడగలేదు. ఆరో రోజు కాళ్ళు కడిగించుకుంటూ అంది.

“రేపు రాకెట్టు ఎగురుద్దంట. పడవలు పోనీరు. ఊరంతా కట్ట మీదికి పోతారు.”

“ఊ.”

“నువ్వు పోతావా?”

“పోను.”

“నేనూ పోను.”

ఏడో రోజు. మధ్యాహ్నం అయ్యేసరికి ఊళ్ళో మనిషి అలికిడి లేదు. అందరూ గొడుగులు పట్టుకుని కట్ట మీదికి పోయారు. హజరత్తయ్య పోతూ పోతూ రెండుసార్లు పిలిచాడు. పాదాలు కడిగాను. తుడిచాను. ఎదురుగా కూర్చున్నాను. మాట నాలుక మీదికి వచ్చి నిలబడింది. ఏడు రోజుల నుంచి వస్తోంది, పోతోంది.

“శివశంకర్ పోయిన ముందురోజు,” అన్నాను, “మనం కట్టుబాటు తప్పినాం గదా.”

ఆమె రెప్ప వెయ్యలేదు.

“అందుకే వాడు పోయినాడు. గంగమ్మ తీసుకపోయింది. అందుకే నేను లోపలికి రాలేదు. మళ్ళా నిన్ను తాకితే ఇంకెవుర్ని తీసుకపోద్దోనని.”

“అందుకా?” అంది.

“ఊ.”

“పంతొమ్మిదేళ్ళు. అందుకా?” గొంతు పెరిగింది. “తమ్ముడు పోయిన మూడు నెల్లకు నెల్లూరులో నాకు గర్భసంచి తీసేసినారు. గుర్తుండాదా? పది రోజులకు ఇంటికొచ్చినా. కుట్లు మానినాయి. నువ్వు లోపలికి రాలా. నెలయింది. ఏడాదయింది. సంచి తీసేసినాక నేను నీకు ఆడదాన్ని కాననుకున్నా. నా ఒంటి వాసన నీకు పట్టడం లేదనుకున్నా. ఎవురికి చెప్పుకోను మావా? తలంటి పోసుకున్నప్పుడల్లా తలుపు దగ్గిర నిలబడుకోని జుట్టు ఆరబెట్టుకున్నా. నువ్వు లేచి కట్ట మీదికి పోయేవాడివి!”

ఆమె పక్కన ఉన్న తడి తువ్వాలు తీసి నా భుజం మీద కొట్టింది. మళ్ళీ కొట్టింది. తర్వాత లేచి దొడ్లోకి పోయింది.

పీట ఖాళీగా ఉంది. పళ్ళెంలో నీళ్ళు, నీళ్ళలో కుంకుమ. వాకాడు బస్సు మూడింటికి. ఆమె మూట కట్టుకోవడానికి పోయిందనుకున్నాను. పూజ చెడగొట్టుకున్నాను, మాట చెప్పి పొరపాటు చేశాను అనుకున్నాను. అప్పుడే శ్రీహరికోట వైపు నుంచి ఉరుము మాదిరి మోత వచ్చింది. ఇల్లు అదిరింది. పెంకుల మీంచి దుమ్ము రాలింది. గిన్నెలు ఒకదానికొకటి కొట్టుకున్నాయి. దూరంగా కట్ట మీద జనం కేకలు. ఆ మోత తగ్గి తగ్గి ఆగిపోయేసరికి ఆమె దొడ్డి గుమ్మంలో నిలబడి ఉంది. చేతిలో చేపల బుట్ట.

“ఆ రోజు మన వంతులో పడవలెన్ని?” అంది.

“పదకొండు.”

“ఆ ముందురోజు ముసురులో మిరపకాయల కోసమని నేను దొడ్లెంబడే పోయినా. ఎన్ని దొడ్డి గడపల కాడ బుట్టలు బోర్లిచ్చి ఉండాయో తెలుసునా నీకు? ఏడు. మనదాంతో కలిపి ఏడు.”

“ఏడా?”

“నీ పెళ్ళాం ఒక్కతే తెలివిగలదనుకుంటివా? మా అమ్మ నేర్పించింది నాకు. వాళ్ళమ్మ నేర్పించింది ఆమెకు. వంతు ముందురోజు మొగోళ్ళంతా ముందు గడపల కేసి చూసి, ఆహా ఊరంతా ఎంత నియమం అని మీసాలు దువ్వుకుంటారు. ఆడోళ్ళం దొడ్డిదారిన తిరుగుతాం. మాకు తెలుసు. హజరత్తయ్యన్న దొడ్లో గూడా బోర్లిచ్చే ఉండాది. ఆ ఆరుగురూ ఇంటికొచ్చినారా లేదా?”

వచ్చారు. ఆరుగురూ వచ్చారు. హజరత్తయ్య ఆ రోజు రొయ్యలు కూడా ఎక్కువ పట్టాడు.

“గాలి మావా,” అంది. గొంతు తగ్గింది. “గాలికి వాడు పోయినాడు. నా తమ్ముడు. నేనేడ్చినా. నువ్వు నాతో పాటు లోపల కూర్చోని ఏడ్చి ఉంటే సరిపోయేది.”

అప్పుడు ఏడ్చాను. పంతొమ్మిదేళ్ళది. ఆమె వచ్చి పీట మీద కూర్చుని నా తల తన ఒళ్ళోకి తీసుకుంది. ఆమెకూ కన్నీళ్ళు వచ్చాయి. శివశంకర్ ఈల వేసే తీరు చెప్పింది, అన్నంలోకి పచ్చి ఉల్లిపాయ లేకపోతే అలిగేవాడని చెప్పింది. నాకు ఆ సంగతులు తెలుసు. ఇద్దరం కలిసి చెప్పుకోవడం కొత్త.

కొంతసేపయ్యాక ముక్కు చీదుకుని అడిగింది.

“ఆ కాంపౌండరు ఇంకేం చెప్పినాడు? ఏడు రోజులు అయిపోయినాక?”

“నువ్వు సరే అంటేనే అన్నారు.”

“అయితే అడుగు.”

“ఏమని?”

“అమ్మవారు నోరు తెరిచి చెప్పదు. నువ్వే అడగాల.”

నాకు మాటలు తక్కువ. ఉన్న వాటిలోంచి వెతికి అడిగాను. “కామాక్షీ, లోపలికి వచ్చేదా?”

ఆమె లేచి బుట్ట తీసుకుంది. దొడ్డి వైపు పోలేదు. వీధి తలుపు తీసుకుని ఎండలోకి పోయి, ముందు గడప దగ్గర, నడివాకిట్లో బుట్ట బోర్లించి, దాని మీద చేత్తో ఒకసారి తట్టి, లోపలికి వచ్చి తలుపు దగ్గరికి వేసింది.

మేం ముసలివాళ్ళం. ఆమెకు మోకాలు పట్టేస్తుంది. నాకు నడుము. తొందర లేదు. ముందు నుదురూ నుదురూ ఆనించి కూర్చున్నాం, నేర్చుకున్నట్టే ఊపిరి కలిపాం. ఆమె పొట్ట మీది కోత గీతకు దండం పెట్టాను. ఆమె నా తల నిమిరింది. మా సరస్సుకూ సముద్రానికీ మధ్య ఇసుక పూడిపోయినప్పుడు నీళ్ళు ఉప్పుకట్టి చేప చస్తుంది. ఏదో ఒక ఏడు ఆ ఇసుక తెగి దారి పడుతుంది. అప్పుడు పడవలో అక్కడ నిలబడితే ఏది సముద్రం నీరో ఏది సరస్సు నీరో చెప్పలేం. అట్లా ఉంది. నేనెక్కడ ఆగానో ఆమె ఎక్కడ మొదలైందో తెలియలేదు. గంగమ్మ కోపంగా ఉందని అనిపించలేదు. గదిలోనే ఉందనిపించింది. గాజుల చప్పుడు ఆ తల్లిదే అనిపించింది.

చాప మీద పడుకుని పెంకుల సందుల్లోంచి పడే ఎండ చూస్తున్నాం. కామాక్షమ్మ నా చెయ్యి తన పొట్ట మీద పెట్టుకుని ఉంది.

“సందేళ అక్కకు ఫోను చెయ్యాల,” అంది. “రానని చెప్తా.”

“ఎందుకంటే?”

“ఇంట్లో పూజ ఉండాదంటా.”

వీధిలో మాటలు వినపడ్డాయి. జనం కట్ట మీంచి తిరిగి వస్తున్నారు. హజరత్తయ్య గొంతు అందరికంటే ముందు వచ్చింది.

“ముత్యాలయ్యా! ఏం పోయింది అబ్బయా, నిప్పులు కక్కుకుంటా పోయింది! చూడకుండా ఏం చేస్తుండావు లోప—”

అడుగుల చప్పుడు వాకిట్లో ఆగిపోయింది. కాసేపు ఏమీ వినపడలేదు. హజరత్తయ్య అంతసేపు నోరు మూసుకోవడం నేను ఎరగను.

“అమ్మా కామాక్షీ,” అన్నాడు చివరకు, మెల్లగా. “ఎవురో పోతా పోతా మీ బుట్ట బోర్లిచ్చి పోయినారు. పొరపాటున.”

కామాక్షమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వు ఆగలేదు.

“పొరపాటు కాదన్నా,” అంది గట్టిగా. “ఉప్పు కావాలంటే పక్కింటికి పో.”